వక్క లేని చిలక: కొత్త దంపతుల గదిలోకి వెళ్లే ఆకు, దాని చుట్టూ మన మాటలు

2019లో మా చిన్నోడి పెళ్లయింది. కోడలిది యానాం. మేము తరతరాలుగా హోసూరు వైపు వాళ్లం. పెళ్లయిన మరునాడు సాయంత్రం ఆడవాళ్లంతా కలిసి గది సర్దుతున్నారు. పూలు, పాలు, పళ్లు అన్నీ కుదిరినాయి. ఆకు దగ్గర పేచీ వచ్చింది.

మా అక్క, "వక్కాకు లేకుండా గది ఎట్ల? చెల్లప్పెట్టి యాడ పెట్టినారు?" అని అడిగింది. వియ్యపురాలికి ఆ రెండు మాటలూ అర్థం కాలేదు. కాస్త ఆలోచించి, "కిళ్లీలా అండీ? బజార్లో కట్టించుకొస్తే సరిపోతుంది కదండీ" అన్నారు. ఆ "కిళ్లీ" మాట మా అక్కకి నచ్చలేదు. మా ఇంటామె మాత్రం ఇద్దరికీ ఒకే జవాబు చెప్పింది: "ఏ పేరు పెట్టినా సరే, ఈ ఇంట్లోకి వక్క రాదు."

అందరూ నా వైపు చూశారు. నేనేమో బ్యాంకులో 36 ఏళ్లు పద్దులు రాసినవాణ్ణి, ఇట్లాంటి తగువు తీర్చింది ఏనాడూ లేదు. కానీ ఆ సాయంత్రం తర్వాత ఈ ఒక్క ఆకు చుట్టూ ఉన్న మాటల్ని రాసుకోవడం మొదలుపెట్టాను. ఉద్యోగంలో ఉండగా బరంపురంలో మూడేళ్లు, షోలాపూర్‌లో నాలుగేళ్లు పనిచేశాను కాబట్టి అక్కడ విన్నవి కూడా కలిశాయి. దాంతోపాటు, వక్క వేయకుండా ఇంట్లోనే చిలకలు ఎట్లా మడవాలో కూడా రాస్తున్నాను. రెండూ వేరువేరు సంగతులు కావు, ఎందుకో చివరికి తెలుస్తుంది.

వక్క ఎందుకు రాదంటే

మా నాయనకి రాత్రి బువ్వ తిన్నాక వక్కాకు లేకపోతే జరిగేది కాదు. ఆయన ఇల్లు చేరేలోగానే మా అమ్మ మూడు చిలకలు మడిచి, తడిగుడ్డ కప్పి, ఇత్తడి పెట్టెలో ఉంచేది. ముప్పై ఏళ్లకు పైగా ఒక్కరోజు కూడా తప్పలేదు. వాళ్లిద్దరూ మా ముందర నవ్వుతూ మాట్లాడుకున్నది నేను పెద్దగా చూడలేదు, ఆ కాలం అట్లాంటిది. ఆ మూడు చిలకలు చేతిలో పెట్టేటప్పుడు మాత్రం ఆమె ముఖం వేరేగా ఉండేది.

1992లో ఆయనకి కారం తగిలితే నోరు మండటం మొదలైంది. కొన్నాళ్లకి నోరు పూర్తిగా తెరుచుకోవడం మానేసింది. రెండు వేళ్లు కూడా పట్టేవి కావు. ఆ తర్వాత దవడ లోపల పుండు, పరీక్షలు, ఆపరేషను. 1994లో పోయారు. ఆయన పొగాకు ముట్టని మనిషి. ఆకు, వక్క, సున్నం, అంతే.

అప్పట్లో మాకు అర్థం కాలేదు గానీ, ఇప్పుడు లెక్క తేలిపోయింది. పొగాకు కలపకపోయినా వక్క నమలడం క్యాన్సర్‌కి కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2003లో ప్రకటించింది. నోటి లోపలి చర్మం గట్టిపడి నోరు తెరుచుకోని ఆ జబ్బుకి కూడా ముఖ్య కారణం వక్కే. ఆకులో తప్పేమీ లేదు.

మా అమ్మకి ఈ సంగతి ఎవరో చెప్పినారు. "నా చేత్తోనే ఇచ్చినాను గదా" అని ఒక్కసారి అనింది. ఇత్తడి పెట్టె అటకెక్కింది. దాంతోపాటే ఇంట్లో కొన్ని మాటలు వినిపించకుండా పోయినాయి.

ఆకు ఒకటే, పేర్లు ఎన్నో

మా వైపు "వక్కాకు". రాయలసీమలోనూ ఇదే మాట. కోస్తాలో "తాంబూలం", బజారు మాటగా "కిళ్లీ". కిళ్లీ అంటే మా అక్కకి చిన్నచూపే గానీ, అది కూడా పాతకాలపు మాటే. బరంపురంలో ఉన్నప్పుడు ఒడియావాళ్లు "పాన ఖిలి" అనడం విన్నాను. బెంగాలీలోనూ మడిచిన ఆకు "ఖిలి"యే. గంజాం జిల్లా 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అక్కడ తెలుగు, ఒడియా ఒకే వీధిలో బతికినాయి. కిళ్లీ, ఖిలి చుట్టాలంటే ఆశ్చర్యమేముంది?

ఇంకో కుటుంబం ఉంది. సంస్కృతంలో మడిచిన ఆకు "వీటిక". దాన్నుంచి మన పాత కావ్యాల్లోని "విడెము", కన్నడంలో "వీళ్య", మరాఠీలో "విడా", హిందీలో "బీడా" వచ్చాయి. కన్నడంలో ఆకుని "వీళ్యదెలె" అంటారు. తమిళంలో "వెట్రిలై", మలయాళంలో "వెట్టిల". ఈ మలయాళం మాటనే పోర్చుగీసువాళ్లు పట్టుకుపోతే ఇంగ్లీషులో "బీటెల్" అయింది.

అన్నింట్లోకీ నాకు ఎక్కువ ఇష్టమైన మాట "అడకత్తెర". అడకత్తెరలో పోకచెక్క అని సామెతగా అందరూ వాడతాం. అందులో కత్తెర సరే, "అడక" ఏమిటి? కన్నడంలో వక్కని "అడికె" అంటారు, మలయాళంలో "అడక్క", పాత తమిళంలో "అడైక్కాయ్". తెలుగులో ఆ మాట విడిగా వాడకంలో లేదు, కాయని వక్క అనో పోక అనో అంటాం. కత్తెర పేరులో మాత్రం అది అట్లే నిలిచిపోయింది. కన్నడంలో "అడకత్తరి". షోలాపూర్‌లో మరాఠీవాళ్ల నోట "అడకిత్తా" అని వినగానే పాత స్నేహితుణ్ణి చూసినట్లయింది. తమిళంలో దారి వేరు, అక్కడ "పాక్కువెట్టి". ఒడియాలో వక్క "గుఆ", కత్తెర "గుఆకాతి".

పెట్టె సంగతి కూడా చెప్పాలి. మా అక్క అడిగిన "చెల్లప్పెట్టి" తమిళం నుంచి మా ఇళ్లలోకి వచ్చింది. తమిళంలో ఆకుపెట్టెని "చెల్లం" అంటారు. ముద్దుగా పిలుచుకునే బంగారుకొండ కూడా అక్కడ "చెల్లం"! మా నాయన సరదాగా ఉన్నప్పుడు "చెల్లం యాడ?" అని కేకేసేవాడు. పెట్టె కోసమో, అమ్మ కోసమో మాకు తెలిసేది కాదు. ఇద్దరూ ఒకేసారి వచ్చేవాళ్లు. ఒడియాలో ఆ పెట్టె "పానబటా". మా కోడలు వాళ్లింట్లో పేరేమీ లేదు, పళ్లెంలోనే పెడతారట.

ప్రేమకీ ఆకుకీ లంకె

ఇది నిన్నటిది కాదు. 1443లో విజయనగరం వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్‌కి దర్బారులో ఆకు, కర్పూరం ఇచ్చి మర్యాద చేశారు. ఆయన ఆకు గుణాలని తెగ మెచ్చుకుంటూ, రాజుగారికి అంత పెద్ద అంతఃపురం ఉండటానికి ఈ ఆకు మహిమే కారణం కావచ్చునని రాసుకున్నాడు. కవిత్వం రావాలంటే ఏమేం కావాలో చెప్పే అల్లసాని పెద్దన చాటుపద్యంలో ప్రియురాలి దూతిక తెచ్చి ఇచ్చే కర్పూర విడెం కూడా ఉంది. ఎవరు తెచ్చి ఇస్తున్నారన్నదే అక్కడ ముఖ్యం.

పెళ్లి కుదరడం కూడా ఆకుతోనే. మనం తాంబూలాలు పుచ్చుకుంటాం. తమిళంలో "నిచ్చయ తాంబూలం", కన్నడంలో "వీళ్య శాస్త్రం". మరాఠీలో "సుపారీ ఫోడణే" అంటే వక్క పగలగొట్టడం, అంటే సంబంధం ఖాయమైనట్లు. అదే "సుపారీ" బొంబాయిలో చంపడానికి ఇచ్చే బయానాకి పేరైంది, అది వేరే కథ.

షోలాపూర్‌లో మా బ్రాంచి గుమాస్తా పెళ్లికి వెళ్లినప్పుడు "విడా తోడణే" చూశాను. చుట్టిన విడాని పెళ్లికూతురు పంటితో పట్టుకుంటుంది, సగం బయటికి ఉంటుంది. పెళ్లికొడుకు ఆ సగాన్ని పంటితో తుంచుకోవాలి. చుట్టూ చుట్టాలు కేకలు. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి పేరు ఒకరు చిన్న పద్యంలో ఇరికించి చెప్పాలి, దాన్ని "ఉఖాణా" అంటారు. మన ఇళ్లలో గడప దగ్గర పేర్లు చెప్పించే ఆటకి అక్క లాంటిది. పక్కన కూర్చున్న పద్మశాలి పెద్దాయన, తెలంగాణ నుంచి ఆయన ముత్తాతల కాలంలో మగ్గం పనికి వచ్చిన కుటుంబం, "మా దగ్గర చిలకలు చేతికిస్తరు, వీళ్లు నోటికే ఇస్తరు" అని నవ్వినాడు. చిలకలు అనే మాట షోలాపూర్‌లో వినడం అదే మొదలు.

గుల్కందు ఇంట్లో చేసేది

ఇక చేసే పని. చిలకకి ప్రాణం గుల్కందు. "గుల్" అంటే పారశీకంలో పువ్వు, గులాబీ. "కంద్" అంటే చక్కెర. అందులోని కంద్, మన కలకండలోని కండ, ఇంగ్లీషువాళ్ల క్యాండీ అన్నీ ఒకే ఇంటివి. కలకండ మా మాట, తమిళంలో "కల్కండు". కోడలు "పటికబెల్లం" అంటుంది. కన్నడంలో "కల్లుసక్కరె", మరాఠీలో "ఖడీసాఖర్", ఒడియాలో "మిశ్రి". దుకాణానికి వెళ్లేటప్పుడు ఊరిని బట్టి అడగండి.

పువ్వు దగ్గర జాగ్రత్త. మేము "పన్నీరు రోజా" అంటాం, లేత గులాబీ రంగు, రెక్కలు పలచన, వాసన ఎక్కువ. కోస్తాలో "నాటు గులాబి" అంటారు. హోసూరు చుట్టూ పాలిథీన్ షెడ్లలో ఎగుమతికి పండించే పొడుగు కాడ గులాబీలు దీనికి పనికిరావు. వాసన ఉండదు, మందులు కొట్టి ఉంటారు. ఇంటి పెరట్లోవి గానీ, మందు కొట్టని తోటవి గానీ తెచ్చుకోండి.

రెక్కలు 200 గ్రాములు, కలకండ పొడి 200 గ్రాములు. రెక్కల్ని నీళ్లలో ఒకసారి జాడించి, నీడలో గుడ్డ మీద తడి పూర్తిగా పోయేదాకా ఆరనివ్వాలి. తడి మిగిలితే బూజు పడుతుంది. శుభ్రమైన గాజు సీసాలో ఒక వరస రెక్కలు, ఒక వరస కలకండ, మళ్లీ రెక్కలు. మూత పెట్టి రోజూ ఎండలో పెట్టాలి. రెండో రోజుకే సగానికి దిగిపోతుంది, భయపడొద్దు. రోజు విడిచి రోజు పొడి గరిటెతో కలపాలి. 15 నుంచి 20 రోజులకి ముదురు రంగు తిరిగి, రెక్క వేలితో నలిపితే మెత్తగా విడిపోతుంది. అప్పుడు రెండు చెంచాల సోంపు, నాలుగు ఏలకుల పొడి కలపండి. కావాలంటే ఒక చెంచా తేనె. సగానికి సగం చక్కెరే కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు ప్రేమని ఇంకో రకంగా చూపించుకోవాలి.

సోంపుని మరాఠీలో "బడిశేప్" అంటారు. ఒడియాలో "పానమధురి", పేరులోనే ఆకు ఉంది.

చిలక మడిచేది

లేత ఆకులు తీసుకోండి. మైసూరు ఆకు పలచగా, మెత్తగా ఉంటుంది. మాకు అదే అలవాటు. కడిగి, తుడిచి, తొడిమ తుంచి, కొన కొద్దిగా తీసేసి, వెనకవైపు ఈనెల్ని చాకుతో సుతారంగా గీకాలి. ఆకు చిరగకూడదు.

వక్క స్థానంలో నోటికి కరకర తగలాలి కదా. దానికి వేయించిన సోంపు, షోలాపూర్‌లో నేర్చుకున్న "ధణా డాళ్" అంటే వేయించిన ధనియాల పప్పు, సన్నగా తరిగిన ఎండుకొబ్బరి. ఒక్కో చిలకకి గుల్కందు ఒక చిన్న చెంచా, ఈ మూడూ కలిపినవి అర చెంచా, రెండు ఖర్జూరం ముక్కలు. సున్నం, కాచు వద్దు. ఆకుని గరాటులాగా చుట్టి, నింపి, పై అంచుని లోపలికి మడిచి లవంగం గుచ్చాలి. పచ్చగా, ముక్కు తేలి, నిజంగా చిలకలాగే ఉంటుంది.

ఇందులో నోరు పండదు. ఆ ఎరుపు వక్క, కాచుల్ని సున్నంతో కలిపి నమిలితే వచ్చేది. నోరు ఎంత ఎర్రగా పండితే మొగుడికి అంత ప్రేమ అని మా అవ్వలు అనేవాళ్లు. ఆ పరీక్ష గోరింటాకుకి కూడా ఉంది కాబట్టి ఎరుపు సంగతి గోరింటాకుకి వదిలేశాం.

మూడు హెచ్చరికలు

ఒకటి, కర్పూరం. పాత వంటల్లో వేసేది పచ్చకర్పూరం. హారతి కర్పూరం తినేది కాదు, విషం. పచ్చకర్పూరమైనా ఆవగింజలో సగం మించొద్దు. కడుపుతో ఉన్నవాళ్లకి, చిన్నపిల్లలకి అసలే వద్దు. మేము వేయము.

రెండు, జాజికాయ. చిటికెలో చిటికె చాలు. ఎక్కువైతే వాంతులు, తల తిరగడం, భ్రాంతి.

మూడు, "దాంపత్య బలం" అని పొట్లాల్లో అమ్మే పొడులు. ఇట్లాంటి మూలికా మందుల్లో డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మాత్రల మందు రహస్యంగా కలిపి ఉన్నట్లు పరీక్షల్లో చాలాసార్లు బయటపడింది. గుండె మందులు వాడేవాళ్లకి అది ప్రాణం మీదికి తెస్తుంది. మన చిలకలో అట్లాంటి శక్తి ఏమీ లేదు, ఉందని నేను చెప్పను. నోరు కమ్మగా ఉంటుంది, ఇంకొకరు మనకోసం కూర్చుని మడిచినారని తెలుస్తుంది. కొత్త దంపతులకి అంతకు మించి కావాలంటే అది దుకాణంలో దొరకదు.

దీనికి తోడు ఇంకో కానుక కావాలంటే, వట్టివేరు చిన్న పలచటి గుడ్డ సంచిలో కట్టి బీరువాలో బట్టల మధ్య పెట్టండి. తమిళంలోనూ "వెట్టివేర్", కన్నడంలో "లావంచ", మరాఠీలో "వాళా", ఒడియాలో "బెణా". పూలదండలో వేసే మరువం, దవనం కూడా పెట్టొచ్చు. కానీ తమిళ బజార్లో "మరికొళుందు" అని అడిగితే దవనం ఇస్తారు, మరువం కాదు. పేరు చూసి నేనూ మోసపోయినాను.

ఆ సాయంత్రం ఏమైందంటే

పేచీ దగ్గర ఆపాను కదా. ఆ రోజుకి గుల్కందు ఇంట్లో లేదు, దుకాణం నుంచి సీసా తెప్పించాం. ఆకులు వచ్చినాయి. మడవడం ఎవరికీ సరిగ్గా రాలేదు. మా అక్క చుట్టినవి విచ్చుకుపోతున్నాయి, వియ్యపురాలివి కారుతున్నాయి.

మా అమ్మ అప్పటికి 84 ఏళ్లది. మంచం మీద నుంచే అంతా వింటా ఉండింది. కోడలు వెళ్లి, "అమ్మమ్మగారూ, మీకు వచ్చంట కదండీ, చూపించరా?" అని అడిగింది. మా వైపు నాయనమ్మని "అవ్వ" అంటాం. అమ్మమ్మగారూ అని పిలిచేసరికి మా అమ్మ ఒక్క నిమిషం తికమకపడింది. తర్వాత ఒకే మాట అడిగింది: "వక్క ఉండాదా?"

"లేదండీ. వక్క లేకుండానే."

"అయితే పెట్టి దించండి."

అటక మీద నుంచి చెల్లప్పెట్టి దించినాం. 25 ఏళ్ల చిలుము. అమ్మ చింతపండుతో తోమించి, ముందర పెట్టుకుని కూర్చుంది. చేతులు వణుకుతున్నాయి గానీ ఆకు చేతికి తగలగానే సర్దుకున్నాయి. మడుస్తూ చెప్తా ఉంది: "ఈనె గీకల్ల. తొడిమ ఈడ తుంచల్ల. ఇట్ల పొట్లం చుట్టి, నోరు మూసి, లవంగం కుచ్చల్ల." కోడలు ఒక్కో మాటకీ తన మాట చెప్పింది, గుచ్చడం, గీయడం అని. ఇద్దరూ నవ్వినారు. నేను పక్కన కూర్చుని పాత డైరీలో రాసుకున్నాను. 25 ఏళ్లుగా ఇంట్లో వినపడని మాటలు గంటలో డజనుకు పైగా వచ్చినాయి. అంతకు ముందు ఎన్నోసార్లు కాగితం పట్టుకుని "పాత మాటలు చెప్పమ్మా" అని అడిగినాను. "ఏముండాయి నాయనా" అనేది. చేతిలో ఆకు పెట్టాలని నాకు తోచలేదు.

మూడు చిలకలు మడిచి, తడిగుడ్డ కప్పి, పెట్టెలో పెట్టింది.

2022లో అమ్మ పోయింది. పెట్టె ఇప్పుడు కోడలి దగ్గర బెంగుళూరులో ఉంది. ప్రతి పెళ్లిరోజుకీ వాళ్లిద్దరూ కూర్చుని చిలకలు మడుస్తారు. మడిచేది మావాడు, నింపేది ఆ అమ్మాయి. ఆమె ఇప్పుడు "లవంగం కుచ్చు" అంటుంది, వాడు "కిళ్లీ" అంటాడు.

మీ ఇంట్లో ఈ ఆకుని, పెట్టెని, కత్తెరని, మడిచే పనిని ఏమంటారో రాసి పంపండి. ముఖ్యంగా మదురై, కోయంబత్తూరు, పర్లాకిమిడి వైపు వాళ్లు. పెద్దవాళ్లని ఊరికే అడిగితే చెప్పరు. నాలుగు ఆకులు కొని, వక్క లేకుండా, వాళ్ల చేతికివ్వండి.